భూమి నుంచి వచ్చిన రొద

శబ్దం ఆకాశగుణమని మన తార్కికులు నిర్ణయించారు. అయితే తిరువూరులోని ఒక కళాశాల సమావేశ మందిరంలో ఒకనాడు మమ్ము బాధించిన శబ్దం ఆకాశం నుంచి గాక భూమి నుంచి వచ్చింది.

ఆనాడు పద్యపఠన పోటీ. ఒక కంప్యూటరు నుంచి తంబురా శ్రుతి, మరొక దాని నుంచి పోటీదారుల పరిచయం వినిపించాలి. రెండింటినీ చిన్న మిక్సరు ద్వారా ఒకే స్పీకర్ల జతకు కలిపారు. మొదటి కంప్యూటరు ఒక్కటే ఉన్నంతసేపు శ్రుతి నిర్మలంగా వినిపించింది. రెండవదాని తీగ తగిలించగానే తుమ్మెదల గుంపు చొరబడినట్లు మందిరమంతా గుయ్యిమని మోగింది. పద్యం అందుకోబోయిన విద్యార్థి ఆ రొదకే గొంతు కలపబోయి ఆగిపోయాడు.

మనకు లభించే గృహవిద్యుత్తు 230 వోల్టులది. సెకనుకు 50 ఆవృత్తుల పౌనఃపున్యం గలది. స్పీకర్లలో వినిపించిన ఝుంకారం ఈ 50 ఆవృత్తులదీ, దాని గుణిజాలైన 100, 150 ఆవృత్తులదీ. అది స్పీకర్లలోకి ఎట్లా ప్రవేశించింది? మేజాబల్ల మీది కంప్యూటరు లోహపు పెట్టె, ప్లగ్గులోని మూడవ పిన్ను ద్వారా భూమితో కలిసి ఉంటుంది. శబ్దాన్ని మోసే తీగ చుట్టూ ఉండే లోహపు కవచం కూడ ఆ పెట్టెకే అంటి ఉంటుంది. కనుక మిక్సరు వద్ద రెండు కంప్యూటర్ల తీగలు కలియగానే, ఇటు తీగల కవచాలు, అటు భూమి చేరి ఒక వలయం ఏర్పడుతుంది. మా మందిరంలో మొదటి కంప్యూటరుకు వేదిక మీది స్విచ్చిబోర్డు నుంచి, రెండవదానికి పక్క భవనం నుంచి పొడవాటి తీగతో విద్యుత్తు ఇచ్చారు. రెండు భవనాలకు రెండు ఎర్తు గుంతలు. బొగ్గు, ఉప్పు నింపి నీరు పోసే ఈ గుంతలు వేసవిలో ఎండిపోవడం మనకు తెలిసినదే. రెండు చోట్ల భూమి మట్టం విద్యుత్పరంగా ఒకటి కాకపోవడం చేత వలయంలో స్వల్ప విద్యుత్తు ప్రవహించింది. శబ్దసంకేతమే ఇంచుమించు ఒక వోల్టు. దానిలో వోల్టులో కొన్ని వేయవ వంతులు కలిసినా చెవికి తెలిసిపోతుంది.

ఇంతలో ఒక యువకుడు "మూడో పిన్ను తీసేస్తే పోతుందండీ" అంటూ రెండు పిన్నుల ప్లగ్గు తెచ్చి తగిలించాడు. రొద ఆగింది. అందరూ చప్పట్లు కొట్టారు. భౌతికశాస్త్ర అధ్యాపకులు మాత్రం వెంటనే ఆ ప్లగ్గు ఊడబెరికి, "రొద పోతుంది నాయనా, దానితో మనిషీ పోవచ్చు" అన్నారు. ఆయన మాట అక్షరాలా నిజం. లోపలి తీగ పొర చెడి పెట్టెకు తగిలినప్పుడు విద్యుత్తును భూమిలోకి మళ్ళించి ఫ్యూజును తెగగొట్టేది ఆ మూడవ పిన్నే. అది లేకపోతే పెట్టె మీద చేయి వేసినవారే భూమికి దారి అవుతారు. ఏ లోపం లేకున్నా, కంప్యూటరు లోపలి కండెన్సర్ల వల్ల భూసంబంధం లేని పెట్టె సుమారు సగం వోల్టేజికి చేరుతుంది. ముట్టుకుంటే చేయి చిమచిమలాడేది అందుకే.

సరైన చికిత్స వేరు. రెండు కంప్యూటర్లకూ, స్పీకర్లకూ ఒకే స్విచ్చిబోర్డు నుంచి విద్యుత్తు ఇస్తే భూమి మట్టాల భేదం దాదాపు తొలగిపోతుంది. అప్పటికీ మిగిలిన రొదకు శబ్దతీగ మధ్యలో చిన్న ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరు అమర్చాలి. అందులోని రెండు తీగచుట్టలకు లోహసంబంధం లేదు. 1831లో ఫారడే కనుగొన్న అయస్కాంత ప్రేరణ ద్వారానే శబ్దసంకేతం దాటుతుంది గనుక వలయం తెగిపోతుంది. ల్యాప్‌టాప్ అయితే ఛార్జరు తీసి బ్యాటరీతో నడిపి చూడాలి. రొద మాయమైతే దోషం వలయానిదే. గుయ్యిమనడం కాక బుస్సుమనే శబ్దం వస్తే అది మరొక వ్యాధి. కంప్యూటరులో ధ్వని పెంచి స్పీకర్లలో తగ్గిస్తే చాలా వరకు నయమవుతుంది. మిక్సరు లేదని రెండు కంప్యూటర్ల తీగలను నేరుగా ముడివేయడం మాత్రం తగదు. ఒకదాని ధ్వనిని మరొకటి మింగి రెండూ నీరసిస్తాయి.

మేము పక్క భవనం తీగను చుట్టబెట్టి, అన్నింటినీ వేదిక మీది బోర్డుకే కలిపాము. అరగంట ఆలస్యంగా ఆ విద్యార్థి తన పద్యాన్ని మళ్ళీ మొదటి నుంచి, ఈసారి తంబురా శ్రుతిలో, ఎత్తుకున్నాడు.