ఏడ్చే స్త్రీ కథ – మనం ఆలోచించవలసినది

'ద కర్స్ ఆఫ్ లా యొరోనా' అనే హారర్ సినిమా 2019 ఏప్రిల్ 19న, అంటే శుభ శుక్రవారం నాడు, అమెరికాలో విడుదలైంది. మెక్సికోలో తరతరాలుగా చెప్పుకొనే కథే దీనికి ఆధారం. భర్త మోసం చేశాడన్న ఆవేశంలో ఒక స్త్రీ తన బిడ్డలను నదిలో ముంచి చంపింది. ఆమె ఆత్మ ఏడుస్తూ తిరిగి, ఇతరుల పిల్లలను ఎత్తుకుపోతుందట. స్పానిష్‌లో 'లా యొరోనా' అంటే ఏడ్చే స్త్రీ. మన ఇళ్లలో బూచాడి పేరు చెప్పినట్టే, చీకటి పడ్డాక పిల్లలు నీళ్ల దగ్గరికి పోకుండా అక్కడి పెద్దలు ఈమె పేరు చెబుతారు.

సినిమాలో ఈ దయ్యం మీద సిలువను ఆయుధంలా వాడతారు. ప్రియులారా, ఇక్కడ జాగ్రత్తపడాలి. సిలువ తాయెత్తు కాదు. ఆ చెక్కలో శక్తి లేదు. దానిపై ప్రాణం పెట్టిన ప్రభువే మనకు ఆశ్రయం.

ఇక దయ్యాన్ని పక్కనపెట్టి ఆ తల్లిని గూర్చి ఆలోచించండి. ఆదికాండము 21లో హాగరు కూడా ఇంటి నుండి పంపివేయబడిన తల్లే. తిత్తిలో నీళ్లు అయిపోయాక, బిడ్డ చావు చూడలేక దూరంగా కూర్చుని ఏడ్చింది. దేవుడు ఆ చిన్నవాని మొర విని, ఆమె కన్నులు తెరచి నీళ్ల ఊట చూపించాడు.

భర్త వదిలేసిన తల్లులు మన సంఘాల్లోనూ ఉన్నారు. వాళ్ల గురించి గుసగుసలు మాని, ఈ వారం ఒకరి ఇంటికి వెళ్లండి. ఇంట్లో బియ్యం ఉన్నాయా, పిల్లల ఫీజు కట్టారా అని అడగండి. రాత్రి మీ పిల్లలను భయపెట్టి కాదు, ప్రార్థన చేసి నిద్రపుచ్చండి.