విక్రాంత్ అండమాన్‌లో, వేట విశాఖలో: 1971 యుద్ధంలో ఐఎన్ఎస్ రాజ్‌పుత్ పాత్ర

భారత్–పాకిస్థాన్ యుద్ధం ముంచుకొస్తున్న 1971 నవంబరులో విమానవాహక నౌక ఐఎన్ఎస్ విక్రాంత్ బాయిలర్ లోపంతో పూర్తి వేగాన్ని అందుకోలేని స్థితిలో ఉంది. దానిని వేటాడేందుకు పాకిస్థాన్ జలాంతర్గామి ఘాజీ నవంబరు 14న కరాచీ నుంచి బయలుదేరింది. బంగాళాఖాతం వరకు వచ్చి పోరాడగల జలాంతర్గామి నాడు ఆ దేశానికి అదొక్కటే.

తూర్పు నౌకాదళ అధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ విక్రాంత్‌ను విశాఖపట్నానికి వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరాన, ఉత్తర అండమాన్‌లోని పోర్ట్ కార్న్‌వాలిస్‌లో ఉంచారు. ఆ స్థావరానికి ‘పోర్ట్ ఎక్స్‌రే’ అని రహస్య నామం పెట్టారు.

నౌకను దాచితే చాలదు, అది మరోచోట ఉన్నట్లు శత్రువు నమ్మాలి. ఆ బాధ్యత విశాఖలోని డిస్ట్రాయర్ రాజ్‌పుత్‌పై పడింది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ నౌకాదళానికి ‘రాథర్‌హామ్’ పేరుతో సేవలందించి, 1949లో భారత్‌కు వచ్చిన పాత నౌక అది. విశాఖ తీరానికి సుమారు 160 మైళ్ల దూరం వెళ్లి, పెద్ద నౌక పంపే స్థాయిలో రేడియో సందేశాలు పంపాలన్నది ఆదేశం. కృష్ణన్ కథనం ప్రకారం, విక్రాంత్ నావికుడొకరు తల్లి ఆరోగ్యం గురించి వాకబు చేస్తున్నట్లు ఒక సాధారణ తంతిని కూడా వెళ్లనిచ్చారు. గోప్యత సడలినట్లు కనిపించడమే అక్కడి ఎత్తుగడ.

డిసెంబరు 3 అర్ధరాత్రి వేళ లెఫ్టినెంట్ కమాండర్ ఇందర్ సింగ్ నేతృత్వంలో రాజ్‌పుత్ రేవు దాటింది. ముందు నీటిలో అలజడి కనిపించగానే రెండు డెప్త్ చార్జీలను జారవిడిచింది. కొద్దిసేపటికే భారీ పేలుడు నగరానికి వినిపించింది. అనంతరం జాలర్లకు శకలాలు దొరికాయి. ఘాజీ మునిగిపోయిందని డిసెంబరు 9న ప్రకటన వెలువడింది. అందులోని 90 మందికి పైగా సిబ్బందిలో ఒక్కరూ బతకలేదు.

ఘాజీని ముంచింది రాజ్‌పుత్ దాడేనని భారత్ చెబుతుండగా, ప్రమాదవశాత్తు జరిగిన పేలుడేనని పాకిస్థాన్ వాదన. వివాదం నేటికీ తేలలేదు. ఘాజీ విశాఖ ముంగిట ఉన్నదన్నది మాత్రం వివాదం లేని విషయం. ఎర పారిందనడానికి అది చాలు. 2017 నాటి తెలుగు చిత్రం ‘ఘాజీ’ భారత జలాంతర్గామి చుట్టూ అల్లినది కనుక ఈ డిస్ట్రాయర్ పేరు చాలామందికి తెలియదు.

డిసెంబరు 4న విక్రాంత్ విమానాలు కాక్స్ బజార్‌పై దాడి చేశాయి.