ఆసియా క్రీడలలో బాడ్మింటను

నేడు నేను మీకు విన్నవింపబోవునది బాడ్మింటను ఆటను గూర్చి. అందును, ఆసియా ఖండమునందలి దేశములు నాలుగేండ్ల కొకసారి కూడి జరుపుకొను క్రీడోత్సవములలో ఆ యాట నడచిన తీరును గూర్చి. పిల్లలాడుకొను ఆటను గురించి ఇంత ప్రసంగమేల యని మీలో కొందరనుకొనవచ్చును. 2023 అక్టోబరు 7వ తేదీన చైనాలోని హాంగ్జౌ నగరమున అమలాపురపు యువకుడొకడును, బొంబాయి యువకుడొకడును జంటగా ఆడి, ఈ యాటలో భారతదేశమునకు ఆసియా క్రీడల మొదటి స్వర్ణపతకమును సంపాదించిరి. బాడ్మింటను ఆ క్రీడలలో ప్రవేశించినది 1962లో. నడుమ గడచినవి 61 సంవత్సరములు. ఈ యాట నియమములు తొలుత ఏర్పడిన నేల మనది. అట్టి మనకు స్వర్ణము ఇంత యాలస్యముగా ఏల లభించెను? ఈ ప్రశ్న నన్ను చాలకాలముగా వెంటాడుచున్నది.

మన పల్లెలలో బాడ్మింటనన్నంతనే పెద్దల మనస్సునకు వచ్చునది ఉన్నిబంతి యాట. పసుపుపచ్చని ఉన్నిబంతి, 80 అడుగుల పొడవును 40 అడుగుల వెడల్పును గల మట్టినేల, ఒక్కొక్క పక్షమున ఐదుగురు ఆటగాండ్రు: ఇంతే దానికి కావలసిన పరికరము. బడి వదలిన పిమ్మట ప్రొద్దు గ్రుంకువరకు ఆడవచ్చును. మచిలీపట్టణమున జన్మించిన జమ్మలమడక పిచ్చయ్యగారు ఆ యాటలో నేర్పరియై 1970లో అర్జున పురస్కారమును బడసిరి. నేను చెప్పబోవునది దానికి సోదరక్రీడ. అయితే ఇందు ఉన్నిబంతికి మారుగా చిన్న బెండునకు పదునారు ఈకలు గుచ్చిన ఈకబంతి యుండును. బాతు జాతి పక్షుల ఈకలవి. మొత్తము తూకము పాతలెక్కలో అరతులము కూడ లేదు. ఇంత తేలికైన వస్తువు గాలికి నిలువదు. కావున నాలుగు గోడలును, ఎత్తైన కప్పును గల శాల కావలెను. బలముగా కొట్టిన కొలదియు ఈకలు విరుగును. ఒక్క పోటీ ముగియులోపల ఎన్నో ఈకబంతులు పారవేయవలసి వచ్చును. కొట్టాము కూడ లేని ఊరిబడి ఈ ఖర్చును భరింపగలదా? మనవారి ఆలస్యమునకు మొదటి కారణమిదియే యని నా తలంపు. కాని ఇది యొక్కటియే కాదు.

బాడ్మింటనను పేరు ఇంగ్లాండులోని ఒక ప్రభువు భవనము పేరు. ఆట నియమములు మాత్రము 1870 తరువాతి దశాబ్దమున మన పూనాలోని సైనికాధికారులు కూర్చినవి. కొంతకాలము ఆటకే పూనా యను పేరు కూడ ఉండెను. బ్రిటిషువారితో పాటు ఈ యాట మలయా రేవుపట్టణములకు చేరెను. అచ్చట స్థిరపడిన చైనీయ కుటుంబముల పిల్లలును, మలయావాసులును దీనిని ఎంత శ్రద్ధతో నేర్చిరనగా, 1949లో ప్రపంచదేశముల పురుషజట్లకు తొలిసారి జరిగిన థామస్ కప్పు పోటీలో మలయాయే గెలిచెను. 1958లో ఆ కప్పు ఇండొనీషియాకు పోయెను. అనగా ఆసియా క్రీడలలో చేరుటకు ముందే ఈ యాట ఆసియావారిదై పోయినది.

ఇక ఆసియా క్రీడల మాట. అవి మొదట 1951లో ఢిల్లీలో జరిగెను. వాని స్థాపకులలో ముఖ్యుడు గురుదత్ సోంధీగారు. 1951, 1954, 1958 సంవత్సరముల క్రీడలలో బాడ్మింటను లేదు. 1962లో ఇండొనీషియా రాజధానియైన జకార్తా వంతు వచ్చెను. సోవియట్టువారి ఆర్థిక సహాయముతో అచ్చట సెనయాన్ అనుచోట గొప్ప క్రీడానగరము నిర్మింపబడెను. ఇస్తోరా యను కప్పుగల శాలయు అందులోనిదే. తమకు బలముగల ఆటను తమ ఇంటి పండుగలో చేర్చుకొనుట ఇండొనీషియావారికి సహజమే. ఆ యేడు బాడ్మింటనునందు ఆరు స్వర్ణములుండగా ఐదింటిని వారే గైకొనిరి. పురుషులలో టాన్ జో హాక్, స్త్రీలలో మినార్ని విజేతలు. పురుషుల జంటల పోటీ యొక్కటియే మలయావారైన ఎంగ్ బూన్ బీ, టాన్ యీ ఖానులకు దక్కెను.

ఆ క్రీడలు ప్రశాంతముగా జరుగలేదని కూడ చెప్పవలెను. తైవాను, ఇజ్రాయేలు ఆటగాండ్రను ఇండొనీషియా రానీయలేదు. అట్లయినచో వీనికి ఆసియా క్రీడలన్న పేరు తగదని సోంధీగారు వాదించిరి. అందుకు కోపించిన జనసమూహము సెప్టెంబరు 3వ తేదీన జకార్తాలోని భారత రాయబార కార్యాలయముపై పడెను. మరునాడే మన ఫుట్‌బాలు జట్టు ప్రేక్షకుల యెకసక్కెముల నడుమ దక్షిణ కొరియాను 2–1 తేడాతో ఓడించి స్వర్ణము పొందెను. ఇది నేటి విషయము కాకున్నను, తలచుకొనక పోలేకున్నాను.

1962 నాటి విజేతల పేర్లను మరల చూడుడు. టాన్ జో హాక్ ఇండొనీషియాలో పుట్టి పెరిగిన చైనీయ కుటుంబీకుడు. 1966లో బాంకాకునందు పురుషుల స్వర్ణము గెలిచిన ఆంగ్ జిన్ సియాంగ్ కూడ అట్టివాడే. పిదప అతడు ముల్యాది యను ఇండొనీషియా పేరు పెట్టుకొనెను. ఆ కాలమున చైనీయ వంశీకులు పేర్లు మార్చుకొనవలెనని ప్రభుత్వము ప్రోత్సహించుచుండెను. అంతకు ముందు 1959లోనే, విదేశీయులు గ్రామములలో చిల్లర వ్యాపారము చేయరాదని ఒక శాసనము వచ్చెను. దాని దెబ్బ తరతరములుగా అచ్చట దుకాణములు నడపుకొనుచున్న చైనీయులపై పడెను. 1960లో సుమారు లక్షమంది ఓడలెక్కి, తామెన్నడును చూడని చైనాకు పోయిరి.

ఊరి కోమటి ఊరు విడిచిపోయిన ఊరికేమి నష్టమో మీకు తెలియును. ఇండొనీషియాకు కలిగిన నష్టములలో బాడ్మింటను ఒకటి. ఇండొనీషియాలో పుట్టిన హౌ జియాచాంగ్, టాంగ్ షియాన్‌హు అను యువకులును, చెన్ యూనియాంగ్ అను బాలికయు ఆ కాలముననే చైనా చేరిరి. వారికంటె ముందే, 1954లో, వాంగ్ వెన్‌జియావ్ అను మరియొక ఆటగాడు ఇండొనీషియా విడిచి పోయి చైనాలో జట్టును తీర్చుటకు పూనుకొని యుండెను. అప్పటికి చైనాలో ఈ యాట నెరిగినవారు బహుస్వల్పము. చైనాకు ఆసియా క్రీడలలో గాని, ప్రపంచ బాడ్మింటను సంఘమున గాని అప్పుడు స్థానము లేదు. 1965లో వారి జట్టు డెన్మార్కు, స్వీడను దేశములకు పోయి అచ్చటి మేటి ఆటగాండ్ర నోడించి వచ్చెను గాని, ఆ సంగతి లోకమునకు అంతగా తెలియలేదు.

1974లో టెహరాను నగరమున చైనా తొలిసారి ఆసియా క్రీడలలో పాల్గొనెను. హౌ జియాచాంగునకు అప్పటికి ముప్పది యేండ్లు దాటినవి. ఈ యాటలో ఆ వయస్సు వార్ధక్యమే. అయినను పురుషుల స్వర్ణము అతనికే, స్త్రీల స్వర్ణము చెన్ యూనియాంగునకే లభించెను. పురుషుల జట్టు పోటీలో చైనా ఇండొనీషియాను గెలిచెను. తాము పుట్టిన దేశపు జట్టును, ఆ దేశముననే నేర్చిన విద్యతో ఓడించిరన్న మాట. అప్పుడు వారి మనస్సులు ఎట్లుండెనో ఊహించుకొనుడు.

టాంగ్ షియాన్‌హు కథ ఇంకను వింతయైనది. 1980 తరువాతి దశాబ్దము చివర అతడు శిక్షకుడుగా మరల ఇండొనీషియాకు వచ్చి, పదేండ్లు అచ్చటి యువకులను మేటులుగా తీర్చిదిద్దెను. ఆ దేశపు పౌరసత్వము కోరెను, ఈయలేదు. 1998లో చైనాకు మరలిపోయెను. అచ్చట అతని శిక్షణ పొందినవారిలో లిన్ డాన్ ఒకడు. ఆ లిన్ డాన్ 2010లోను, 2014లోను ఆసియా క్రీడల స్వర్ణమును గెలిచెను. ఒక్క ఉపాధ్యాయుని నిలుపుకొనలేకపోయిన దేశము ఎంత పోగొట్టుకొనునో దీనివలన తెలియుచున్నది. కొరియావాడైన పార్క్ జూ బాంగ్ 1986లో సియోలునందు తన దేశమునకు స్వర్ణములు తెచ్చినవాడు. 2004 నుండి అతడు జపానుకు శిక్షకుడయ్యెను. జపాను స్త్రీల జట్టు 1970 తరువాత మరల స్వర్ణము చూచినది 2018లో, అతని శిక్షణలోనే. ఈ యాటలో నేర్పు పుస్తకములవలన గాక మనుష్యుల వెంట నడచి పోవుచున్నట్లు నాకు తోచుచున్నది.

మన దేశపు సంగతికి వచ్చెదను. 1974లో టెహరానునందే భారత పురుషుల జట్టు కాంస్యపతకము పొందెను. ఈ యాటలో మనకదియే తొలి పతకము. 1982లో ఢిల్లీలో ఆసియా క్రీడలు జరిగినపుడు మనవారికి ఐదు కాంస్యములు వచ్చెను. వానిలో ఒకటి పురుషుల వ్యక్తిగత పోటీలో సయ్యద్ మోదీ గెలిచినది. 1986లో సియోలున మరియొక జట్టు కాంస్యము. ఆ పిమ్మట 28 సంవత్సరములు ఏమియు లేదు. నడుమ 2001లో మన పుల్లెల గోపీచంద్ ఇంగ్లాండుకు పోయి, 1980లో ప్రకాశ్ పదుకొనె గెలిచిన ఆల్ ఇంగ్లండ్ పోటీని తానును గెలిచెను. కాని ఒక్కడెంత గొప్పవాడైనను జట్టు కాజాలడు. జట్టు పోటీలో ఐదు ఆటలుండును: మూడు ఒంటరివి, రెండు జంటలవి. మూడు గెలిచినవారిది జయము. ఒక్క వీరునితో ఒక్క ఆట గెలువవచ్చును, తక్కిన వానికెవరు? జంటల ఆటను మనవారు చిరకాలము చిన్నచూపు చూచిరి. ఒంటరి ఆటలో వెనుకబడినవారికి అది మిగులు పని యన్నట్లుండెను.

గోపీచంద్ ప్రకాశము జిల్లా నాగండ్ల గ్రామమున జన్మించినవాడు. ఆట మానిన పిదప హైదరాబాదు చెంత గచ్చిబౌలిలో ఒక శిక్షణాలయము కట్టదలచెను. ధనము చాలక సొంత యిల్లు తాకట్టు పెట్టెను. పొలము తాకట్టు పెట్టి కొడుకును చదివించిన తండ్రులు మీలో ఎందరో ఉందురు. ఇతడు పరుల పిల్లల కొరకు ఆ పని చేసెను. 2008లో శిక్షణాలయము తెరువబడెను. 2014లో ఇంచియానునందు స్త్రీల జట్టు కాంస్యముతో ఆ సుదీర్ఘమైన కరవు తీరెను. 2018లో క్రీడలు మరల జకార్తాకు వచ్చెను. 1962 నాటి ఇస్తోరా శాలలోనే ఆటలు జరిగినవి. సైనా నెహ్వాల్ కాంస్యము పొందెను. పూసర్ల సింధు తుదిపోటీకి చేరి, తైవాను యువతి తై జూ యింగ్ చేతిలో 13–21, 16–21 తేడాతో ఓడి రజతము పొందెను. సింధు తండ్రి రమణగారు 1986లో సియోలున కాంస్యము గెలిచిన భారత వాలీబాలు జట్టులోనివాడు. తండ్రికి కాంస్యము, కూతురికి రజతము. ఆ యింటి గోడ మీద ఇవి రెండును ప్రక్కప్రక్కన ఉన్నవేమో!

స్వర్ణము మాత్రము మనము చిన్నచూపు చూచిన జంటల ఆటలోనే వచ్చెను. అమలాపురపు రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్ 2014లో గోపీచంద్ వద్దకు వచ్చి చేరినవాడు. అచ్చటికి మలేషియా నుండి వచ్చిన టాన్ కిమ్ హర్ అను శిక్షకుడు ఇతనిని బొంబాయి వాడైన చిరాగ్ శెట్టితో జతపరచెను. ఇద్దరును వెనుక నిలిచి బలముగా కొట్టుటకు మరగినవారు. ఇద్దరును వెనుకనే ఉన్నచో ముందు వలవద్ద నిలుచువాడెవడు? ఒకే కాడికి రెండు దాపటి యెడ్లను కట్టినట్లున్నదని చూచినవారనుకొని యుందురు. కాని ఆ గురువు పట్టు విడువలేదు. పొడవును బలమును గల ఇద్దరికి వలవద్ద పని నేర్పవచ్చును గాని, వలవద్ద నేర్పరికి బలము నూరిపోయలేమని అతని తలంపు కాబోలు. 2023లో సాత్విక్ జపానునందు జరిపిన పరీక్షలో కొట్టిన దెబ్బకు ఈకబంతి గంటకు 565 కిలోమీటర్ల వేగముతో పోయెను.

2022లో జరుగవలసిన హాంగ్జౌ క్రీడలు మహమ్మారి కారణమున 2023లో జరిగినవి. అక్టోబరు 1వ తేదీన పురుషుల జట్టు తుదిపోటీలో మనవారు చైనాను ఎదుర్కొనిరి. మొదటి ఆట లక్ష్య సేన్ గెలిచెను. రెండవది సాత్విక్, చిరాగులు గెలిచిరి. ఇంకొక్క ఆట గెలిచిన స్వర్ణము మనదే. మూడవ ఆటలో గుంటూరి కిదంబి శ్రీకాంత్ మొదటి భాగమును 22–24 వరకు పోరాడి పోగొట్టుకొనెను. రెండవ భాగమున నిలువలేకపోయెను. తక్కిన రెండు ఆటలును చైనావారివే. మన ముఖ్యుడైన ప్రణయ్ నడుమునొప్పివలన ఆనాడు ఆడలేకుండెను. ఆ నొప్పితోనే తరువాత ఆడి, సయ్యద్ మోదీ పిమ్మట 41 ఏండ్లకు పురుషుల ఒంటరి పోటీలో కాంస్యము తెచ్చెను.

జట్టు స్వర్ణము జారిపోయిన ఆరు దినములకు జంటల తుదిపోటీ జరిగెను. అంతకు ముందు మలేషియా జంటను గెలిచిన సాత్విక్, చిరాగులు, తుదిని దక్షిణ కొరియా జంటయైన చోయ్ సోల్ గ్యూ, కిమ్ వన్ హోలను 21–18, 21–16 తేడాతో ఓడించిరి. అప్పటికి వారి శిక్షకుడు డెన్మార్కు దేశస్థుడైన మథియాస్ బో. వారిరువురిని జతపరచిన టాన్ కిమ్ హర్ 2019లోనే మన దేశము విడిచి పోయి యుండెను.