వాడ లేని నగరంలో ఉపప్రణాళిక

బడ్జెట్ ప్రవేశపెట్టిన మర్నాడు పత్రికల్లో దళితుల వాటా ఎంత అన్న చర్చ మొదలవుతుంది. కేటాయింపు జనాభా నిష్పత్తికి తగ్గిందా, గత ఏడాది కన్నా పెరిగిందా అని లెక్కలు వేస్తాం. సభలో ప్రతిపక్షం నిలదీస్తుంది, మంత్రి సమాధానం చెబుతారు. అక్కడితో చర్చ ముగుస్తుంది. కానీ కేటాయింపు ఒక వాగ్దానం మాత్రమే. అది బస్తీలో మురుగు కాలువగానో, మంచినీటి గొట్టంగానో మారుతుందా లేదా అన్నది తేలేది స్థానిక సంస్థ కార్యాలయంలో గ్రాంట్లు చూసే బల్ల దగ్గర. ఆ బల్ల మీద జరిగే పని గురించి మన సామాజిక న్యాయ చర్చ దాదాపు మౌనంగా ఉంది.

గ్రాంట్ల నిర్వహణ పైకి గుమాస్తా పనిలాగే కనిపిస్తుంది. ఏ నిధి ఏ షరతుతో వచ్చిందో చూడాలి. ఏ పనిని ఏ పద్దు కింద చూపాలో తేల్చాలి. ఇంజినీర్ల నుంచి అంచనాలు తెప్పించి పరిపాలనా అనుమతి కోసం దస్త్రం నడపాలి. ఖర్చయ్యాక వినియోగ ధ్రువపత్రం పంపాలి. అది అందకపోతే తర్వాతి విడత ఆగిపోతుంది. ఇదంతా మార్చి 31 అనే గడువు నీడలో జరగాలి. ఈ ప్రతి మెట్టులోనూ ఒక ఎంపిక ఉంది. ఎంపిక ఉన్న చోట కులం ఉంటుంది.

షరతులను గమనిస్తే విషయం మరింత స్పష్టమవుతుంది. 15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి దేశంలోని స్థానిక సంస్థలకు 4.36 లక్షల కోట్ల రూపాయలకు పైగా గ్రాంట్లు సిఫారసు చేసింది. హైదరాబాద్ వంటి పది లక్షలు దాటిన నగరాలకు ఇచ్చే సొమ్మును గాలి నాణ్యతకు, తాగునీరు, పారిశుద్ధ్యం పనుల ఫలితాలకు ముడిపెట్టింది. గాలిలో ధూళి ఎంత తగ్గిందో కొలిచే విధానం వచ్చింది. ఆ నీరు ముందు ఏ బస్తీకి చేరింది, ఏ బస్తీకి చేరలేదు అన్న కొలమానం మాత్రం ఆ షరతుల్లో లేదు. 74వ రాజ్యాంగ సవరణ తెచ్చిన 12వ షెడ్యూలులో బలహీన వర్గాల ప్రయోజనాల పరిరక్షణ, మురికివాడల అభివృద్ధి పురపాలక సంస్థల బాధ్యతలుగా ఉన్నాయి. బాధ్యతల జాబితాలో చోటు దక్కిన అంశం గ్రాంటు షరతుల్లోకి మాత్రం రాలేదు.

రాష్ట్ర స్థాయిలో ఈ లోటును పూడ్చవలసింది ఉపప్రణాళిక. అయిదో ప్రణాళిక కాలంలో గిరిజన ఉపప్రణాళిక, 1979–80 నుంచి షెడ్యూల్డ్ కులాల ప్రత్యేక ప్రణాళిక అమల్లోకి వచ్చాయి. అవి దశాబ్దాల పాటు కేవలం మార్గదర్శకాలుగా మిగిలిపోయాయి. దళిత, ఆదివాసీ సంఘాల దీర్ఘ పోరాటం వల్ల ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో ఉపప్రణాళిక చట్టం వచ్చింది. తెలంగాణ 2017లో దాని స్థానంలో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం తెచ్చి, ఖర్చు కాని మొత్తాన్ని తర్వాతి ఏడాదికి జమ చేసే నిబంధన చేర్చింది. ఇది విలువైన రక్షణ. అయితే ఖర్చు కాని సొమ్ము కన్నా, ఖర్చయినట్టు రాసుకున్న సొమ్ము పెద్ద సమస్య.

2013 చట్టం ఖర్చును లెక్కకట్టే పద్ధతిని నాలుగు రకాలుగా విభజించింది. వ్యక్తులకు, కుటుంబాలకు నేరుగా అందే ప్రయోజనం మొదటిది. షెడ్యూల్డ్ కులాల జనాభా 40 శాతం, అంతకు మించి ఉన్న ఆవాసాల్లో చేసే పనులు రెండోది. అందరితో పాటు దళితులూ లబ్ధిదారులుగా ఉన్న పథకాల్లో వారి సంఖ్యకు తగిన నిష్పత్తి మూడోది. నాలుగోది విభజించడానికి వీలుకాని మౌలిక సదుపాయాలు. వాటి వ్యయంలో ప్రభుత్వం నిర్ణయించిన భాగాన్ని దళితుల కోసం ఖర్చయినట్టు భావిస్తారు. మొదటి రెండింటిలో ఎవరికి అందిందో వేలు పెట్టి చూపవచ్చు. నాలుగో దానిలో చూపవలసిన అవసరమే లేదు. పంజాగుట్ట కూడలి మీదుగా ఒక వంతెన కట్టారనుకుందాం. దాని మీద దళితుడూ ప్రయాణిస్తాడు కాబట్టి దాని ఖర్చులో కొంత దళితాభివృద్ధే అని కాగితం చెప్పగలదు. వంతెన కింద కాలువలో దిగే పారిశుద్ధ్య కార్మికుడి బతుకులో ఏం మారిందని ఆ కాగితం అడగదు.

నా దగ్గర పరిశోధన చేసిన ఒక విద్యార్థిని ఇప్పుడు ఒక పట్టణ స్థానిక సంస్థలో గ్రాంట్ల దస్త్రాలు చూస్తోంది. పొరుగు సేవల పద్ధతిలో ఉద్యోగం. ఆర్థిక సంవత్సరం చివరి వారంలో తన ముందుకు వచ్చిన ఒక ప్రధాన రహదారి పనిని దళిత పద్దులో చూపమన్నారని, ఆ రోడ్డుకు ఇరువైపులా ఉన్నవి దుకాణ సముదాయాలేనని ఆమె నాతో చెప్పింది. ‘ఇందులో దొంగ లెక్క ఒక్కటీ లేదు సార్, అన్నీ నిబంధన ప్రకారమే ఉన్నాయి’ అన్నది ఆమె ముగింపు. సమస్య సారమంతా ఆ మాటలో ఉంది. అవినీతి జరిగితే విజిలెన్సు పట్టుకుంటుంది. నిబంధనే దారి మళ్లించే వీలు కల్పిస్తే పట్టుకునేవారెవరు?

ఇక్కడే నగరం అనే ప్రశ్న ముందుకు వస్తుంది. 40 శాతం ఆవాసం అనే ఊహ పల్లె నుంచి పుట్టింది. ఊరికి దూరంగా వాడ ఉంటుంది. అంటరానితనమే ఆ పటాన్ని గీసింది. ఆ పటాన్నే న్యాయం కోసం తిరగేసి, వాడకు రోడ్డు, వాడకు నీరు అనడం చట్టం చేసిన మంచి పని. నగరంలో ఆ పటం చెల్లదు. 2011 జనగణన ప్రకారం తెలంగాణలో షెడ్యూల్డ్ కులాల వాటా 15.45 శాతం, హైదరాబాద్ జిల్లాలో అది ఆరు శాతం పైచిలుకు మాత్రమే. ఆ కొద్దిమందీ ఒకే చోట లేరు. బేగంపేట నాలా పరిసరాల్లోనో, రసూల్‌పురా ఇరుకు సందుల్లోనో నడిస్తే దళిత, ముస్లిం, వెనుకబడిన కులాల కుటుంబాలు, పొరుగు జిల్లాల నుంచి వలస వచ్చిన కూలీలు గోడకు గోడ ఆనుకుని ఉంటారు. ఇటువంటి బస్తీలో దళితులు నలభైకి బదులు ముప్ఫై శాతమే ఉన్నారని తేలితే అది ‘అర్హమైన ఆవాసం’ కాకుండా పోతుంది. వర్షాకాలంలో నాలా నీరు ఇంట్లోకి వచ్చేటప్పుడు మాత్రం శాతాలు చూడదు.

అదే బేగంపేటలో, నిజామియా అబ్జర్వేటరీ ఆవరణలో, 1980లో స్థాపితమైన సెంటర్ ఫర్ ఎకనమిక్ అండ్ సోషల్ స్టడీస్ ఉంది. అభివృద్ధి, పేదరికం, సామాజిక అసమానతల మీద తెలుగు నేలలో జరిగిన పరిశోధనలో దానికి పెద్ద వాటా ఉంది. సదస్సుల కోసం అక్కడికి వెళ్లినప్పుడల్లా నాకు తోచే ఆలోచన ఒకటే: గ్రామీణ దళితవాడ గురించి మనకు ఉన్న జ్ఞానంలో సగం కూడా ఆ ఆవరణ గోడ దాటితే కనిపించే నగర దళితుడి గురించి లేదు.

అమీర్‌పేట మరో ఉదాహరణ. మైత్రీవనం చుట్టుపక్కల శిక్షణ కేంద్రాల కోసం జిల్లాల నుంచి వచ్చి, హాస్టల్ గదిలో నలుగురైదుగురు కలిసి ఉండే యువతలో దళిత, గిరిజన విద్యార్థులు ఎందరో ఉన్నారు. వారి కుల ధ్రువపత్రం, రేషన్ కార్డు సొంత మండలంలో ఉంటాయి. అద్దె, నీళ్లు, మరుగుదొడ్డి, రాత్రి చదువుకునే చోటు వంటి అవసరాలు ఇక్కడ ఉంటాయి. వారిని తన లబ్ధిదారులుగా చూడవలసిన పద్దు స్థానిక సంస్థ దగ్గర లేదు. కులం వారితో పాటు నగరానికి వచ్చింది. అద్దె గది వెతికేటప్పుడు ఇంటి యజమాని అడిగే ‘మీరేమిట్లు?’ అన్న ప్రశ్నలో అది ఎదురవుతూనే ఉంది. గ్రాంటు మాత్రం పల్లెలోనే ఆగిపోయింది.

నగరానికి తగిన పద్ధతి అసాధ్యమా? ఈ నగర చరిత్రే కాదంటోంది. 1967లో హైదరాబాద్ నగరపాలక సంస్థ పట్టణ సామాజికాభివృద్ధి విభాగాన్ని ప్రారంభించింది. యునిసెఫ్ సహకారం, 1980లలో బ్రిటిష్ ప్రభుత్వ సాయం దానికి తోడయ్యాయి. ఆ విభాగం ప్రత్యేకత డబ్బులో కన్నా మనుషుల్లో ఉంది. బస్తీలో తిరిగే సామాజిక కార్యకర్తలు అక్కడివారితో కూర్చుని ఏ పని ముందో తేల్చేవారు. ప్రతిపాదన బస్తీలో మొదలై కార్యాలయానికి వెళ్లేది. అంతకు ముందే ఈ నగరానికి మరో వారసత్వం ఉంది. భాగ్యరెడ్డివర్మ ఆది హిందువుల పిల్లలకు బడులు నడిపి, వాటి భారాన్ని నిజాం ప్రభుత్వం స్వీకరించేలా చేశారు. 1940లలో బి.ఎస్. వెంకటరావు వంటి నాయకుల కృషితో దళితుల విద్య కోసం కోటి రూపాయల నిధి ఏర్పడింది. అంబేడ్కర్ ఔరంగాబాద్‌లో స్థాపించిన కళాశాలకు అప్పు అందింది హైదరాబాద్ రాజ్యంలోని ఆ నిధి నుంచే. ఆ సొమ్ముకు ఒక పేరు, ఒక ప్రయోజనం, లెక్క అడిగే ఒక సమాజం ఉండేవి. ‘భావించిన వ్యయం’ అనే మాటకు అక్కడ చోటు లేదు.

బల్ల వెనుక ఎవరు కూర్చున్నారన్నదీ ముఖ్యమే. స్థానిక సంస్థల్లో ఈ తరహా పనులు అంతకంతకూ పొరుగు సేవల సిబ్బంది చేతికి వెళ్తున్నాయి. శాశ్వత నియామకాల్లో రిజర్వేషన్లకు ఉన్న దృఢమైన హామీ అక్కడ లేదు. ఏటా కొనసాగింపు ఉత్తర్వు కోసం ఎదురుచూసే ఉద్యోగి ‘ఈ పని ఈ పద్దులోకి రాదు’ అని దస్త్రం మీద రాయగలరా? రాయమని మనం కోరేది న్యాయమా?

మరో సంగతి. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో షెడ్యూల్డ్ కులాల వర్గీకరణ చట్టం అమల్లోకి వచ్చింది. 59 కులాలను మూడు సమూహాలుగా చేసి 1, 9, 5 శాతాల చొప్పున రిజర్వేషన్లు పంచింది. అత్యంత వెనుకబడిన కులాలు విడిగా కనిపించాలన్న సూత్రాన్ని విద్య, ఉద్యోగాల్లో అంగీకరించాం. నిధుల పట్టికలో మాత్రం ‘ఎస్సీ’ అనే ఒకే గడి మిగిలింది. నగరంలో పాకీ పనికి తరతరాలుగా కట్టిపడేసిన చిన్న కులాలకు గ్రాంటులో ఏం దక్కిందో ఆ గడి చెప్పలేదు.

చేయవలసినవి అసాధ్యమైనవి కావు. ‘భావించిన వ్యయం’ నిబంధన తీసివేయాలి. కర్ణాటక తన చట్టంలోని ఇటువంటి 7(డి) సెక్షన్‌ను 2023లో తొలగించింది. నగరాలకు 40 శాతం ఆవాసం స్థానంలో ఇంటిని యూనిట్‌గా తీసుకునే పద్ధతి రావాలి. దళిత పద్దులో చూపిన ప్రతి పని పేరు, చోటు, మొత్తం, లబ్ధి పొందిన ఇళ్ల సంఖ్య వార్డు కార్యాలయం గోడ మీద తెలుగు, ఉర్దూల్లో రాయాలి. వినియోగ ధ్రువపత్రం పైకి వెళ్లే ముందు బస్తీ సభ ముందుకు రావాలి. గ్రాంట్ల విభాగంలో శాశ్వత ఉద్యోగులు ఉండాలి, వారి అభ్యంతరం దస్త్రంలో నమోదు కావాలి.

కేటాయింపు పెంచమని అడగడం మానాలని నేను అనడం లేదు. ఎంత ఇచ్చారన్న ప్రశ్నతో పాటు ఏ పద్దులో రాశారు, ఎవరి ఇంటి ముందు ఖర్చు చేశారు అన్న ప్రశ్న కూడా అడగాలంటున్నాను. మొదటి ప్రశ్న శాసనసభలో అడిగేది, ఏడాదికి ఒకసారి. రెండోది వార్డు కార్యాలయంలో అడిగేది, నెలకు ఒకసారైనా. దళిత సంఘాలు, విశ్వవిద్యాలయ పరిశోధకులు, వార్డు సభ్యులు ఆ రెండో ప్రశ్నతో ఆ బల్ల ముందు నిలబడటం మొదలుపెడితే, దాని వెనుక ఒంటరిగా కూర్చున్న చిరుద్యోగికి కూడా నిజం రాసే ధైర్యం వస్తుంది.