పరుగుకు బదులు పాసు

కోరుట్ల ప్రాంతమున కాకతీయ కాలువ నీరు పారు పొలములలో వరినాట్లు పడు దినములందు గట్టుపై నిలిచి చూచినవారికి ఒక చిన్న నేర్పు కంటబడును. నారు కట్టలు మోసికొని వచ్చినవాడు మోకాలిలోతు బురదలో దిగి, నాటువేయు ఒక్కొక్క స్త్రీ యొద్దకు నడచిపోయి కట్టను చేతికీయడు. గట్టు మీదనుండియే విసరును. కట్ట ఆమె వెనుక, చేయి చాచినంత దూరమున పడును. ఆమె దానిని తీసికొని, ముడి విప్పి, తన పని సాగించును. మనిషి నడువవలసిన దూరమును కట్ట నడచినది. దీనిని సోమరితనమని ఏ రైతును అనడు. విసరుటలోని కష్టము అతనికి తెలియును. కట్ట ముందు పడినచో నాటిన మొక్కలు నలుగును. మరీ వెనుక పడినచో ఆమె పని మాని నడువవలసివచ్చును.

బంతి ఆటలలో పాసు అనబడునది ఈ నేర్పునకు దగ్గరి చుట్టము. తాను మోసికొని పోవలసిన దూరమును బంతిచేత నడిపించుటయే పాసు. ఇది పరుగు చేయు పనిని నిజముగా చేయగలదా, లేక పరుగెత్తలేనివాని సాకు మాత్రమేనా అను ప్రశ్న ఆటస్థలమున్న ప్రతి పాఠశాలలోను ఆలోచింపదగినది. ఏలయన, దానికి మనము చెప్పుకొను సమాధానమును బట్టియే తరగతిలోని 40 మంది పిల్లలలో ఎందరికి బంతి అందునో, ఎందరు గీత వెలుపల నిలిచి చూతురో నిర్ణయమగుచున్నది.

ఈ ప్రశ్నను మిక్కిలి పట్టుదలతో చర్చించినవారు అమెరికా కళాశాలలవారు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల నుండి పై చదువులకై ఆ దేశము పోయిన విద్యార్థులు అక్కడి విశ్వవిద్యాలయములలో శనివారమునాడు వేలకొలది జనము చేరి చూచు ఫుట్‌బాలును చూచి మొదట తికమకపడుదురు. పేరు ఫుట్‌బాలే గాని, బంతి కోడిగ్రుడ్డు ఆకారము. పాదముకంటె చేతికే పని యెక్కువ. పక్షమునకు 11 మంది. బంతి గల పక్షము 4 ప్రయత్నములలో 10 గజములు ముందుకు సాగవలెను. సాగలేనిచో బంతి ఎదుటివారి పాలగును. తొలి దినములలో ముందుకు సాగుటకు ముఖ్యమార్గము బంతిని చంకనిడుకొని, మనుష్యుల గోడను ఢీకొని పరుగెత్తుటయే. ఆ తొక్కిసలాటలో విద్యార్థులు ప్రాణములు కోల్పోవుచుండగా 1905లో దేశాధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్టు పెద్ద కళాశాలల ప్రతినిధులను పిలిపించి మాటలాడెను. 1906లో బంతిని ముందుకు విసరుటకు నియమము అనుమతించెను.

అట్లు పుట్టిన పాసులలో స్క్రీన్ పాసు అనునది మిక్కిలి పొట్టిది. స్క్రీన్ అనగా తెర. బంతి విసరువాడు కొంత వెనుకకు జరిగి, దూరముగా విసరనున్నట్లు నిలుచును. అతనిని కాచు బలాఢ్యులు ఎదుటివారిని క్షణకాలము అడ్డుకొని, పిమ్మట ఓడినవారివలె నటించి లోనికి రానిత్తురు. వారు మీద పడబోవు సమయమున అతడు బంతిని ప్రక్కకు, కొద్ది గజముల దూరమున నున్న తోటివానికి అందించును. అప్పటికే ఆ బలాఢ్యులు అటు జరిగి, అందుకొన్నవాని ముందు తెరవలె నిలిచియుందురు. ఎదుటి పక్షమున సగము మంది వెనుకబడిపోయిరి. బంతి పట్టినవానికి ముందు త్రోవ తెరచుకొన్నది.

జగిత్యాల విద్యార్థులకు ఈ కిటుకు తేలికగా బోధపడును. 18వ శతాబ్దమున నక్షత్రాకారముగ కట్టిన తమ ఊరి కోటను వారు చూచియే యుందురు. దాని కొనలు ముందుకు పొడుచుకొనియుండుట అందము కొరకు గాదు. సూటిగా గోడమీదికి వచ్చువానిని రెండు ప్రక్కలనుండి కొట్టుటకే ఆ ఏర్పాటు. అట్టి కోటను గెలువదలచినవాడు లోనివారిని వెలుపలికి రప్పించి, వారు విడిచిన చోటికి పోవలెను. స్క్రీన్ పాసు చేయునదియు అదియే.

దీనిని పరుగుకు బదులుగానే వాడిన శిక్షకులు ఆ దేశమున కలరు. 1989లో హాల్ మమ్మీ అను శిక్షకుడు అయోవా వెస్లియన్ అను చిన్న కళాశాలకు వచ్చెను. ఆ కళాశాల 2023లో మూతపడినది. మమ్మీ రాకకు ముందటి సంవత్సరము దాని జట్టు ఒక్క ఆటయు గెలువలేదు. భారీకాయులను రప్పించు ధనము దానికి లేదు. మమ్మీయు, అతని సహచరుడు మైక్ లీచ్‌యు పొట్టి పాసులనే తమ జట్టుకు పరుగుగా మార్చిరి. పిమ్మట లీచ్ 2000 నుండి 2009 వరకు టెక్సస్ టెక్ విశ్వవిద్యాలయమున ఇదే పద్ధతిని సాగించి, తమకంటె బలమైన జట్లను చికాకుపరచెను. లెక్కలు వ్రాయువారి నియమమొకటి ఈ సందర్భమున తలపదగినది. ప్రక్కవానికి అందించిన బంతి అడుగు ముందుకు పోయినచో అది పాసు; అడుగు వెనుకకు పోయినచో అది పరుగు. చూచువారి కంటికి రెండును ఒక్కటే. పరుగుకును పొట్టి పాసుకును నడుమ గీత అంత సన్ననిది.

ఈ సూత్రమును చూచుటకు మనము అమెరికా వరకు పోనక్కరలేదు. ఈ మూడు ఊళ్లును హైదరాబాదు రాష్ట్రములో భాగముగ నున్న కాలముననే, ఆ రాష్ట్రపు రాజధానిలో, మనమెరిగిన గుండ్రని బంతితో, ఒక బడిపంతులు దీనిని దేశమునకు నేర్పెను. ఆయన సయ్యద్ అబ్దుల్ రహీం. 2024లో వెలువడిన 'మైదాన్' అను హిందీ చలనచిత్రము వలన ఈ పేరు నేటి విద్యార్థులలో కొందరికి పరిచితమైనది. ఆయన 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించెను; ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి, దాని జట్టులో ఆడి, పట్టభద్రుడై, నగరములోని పాఠశాలలలో ఉపాధ్యాయుడుగ పనిచేసెను. 1943 నుండి హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శి. 1950 నుండి నగర పోలీసు జట్టునకు శిక్షకుడు.

నాటి మన ఆటగాండ్రకు డ్రిబ్లింగుపై మక్కువ యెక్కువ. బంతిని పాదముల నడుమ ఆడించుచు, ఒకని తరువాత ఒకనిని తప్పించుకొని పరుగెత్తువాడే మొనగాడు. జనము చప్పట్లు చరచునదియు వానికే. రహీం సాహెబు ఉపాధ్యాయుడు గనుక, తిట్టి మాన్పించుటకంటె పాఠమును మార్చుట మేలని యెరిగినవాడు. డ్రిబ్లింగు నిషిద్ధమైన పోటీలను ఏర్పాటుచేసెను. బంతి వచ్చిన వెంటనే తోటివానికి అందింపవలెను. వాటము లేని పాదముతోనే ఆడవలసిన పోటీలును పెట్టెను. కుడికాలి వాటము గలవాడు ఎడమకాలితో ఆడవలసివచ్చినపుడు పరుగు గొప్పయు, బలము గొప్పయు అణగును. కన్నును బుద్ధియు పనిచేయ మొదలిడును.

ఇందులో లెక్క యున్నది. ప్రపంచములోని మేటి పరుగువాడు 100 మీటర్లను సుమారు 10 సెకనులలో దాటును. చురుకైన బడిపిల్లవానికి 14 సెకనులు పట్టునేమో. అనగా సెకనుకు 7 మీటర్లు. బంతిని కాలితో నెట్టుచు పోయినచో ఆ వేగమును తగ్గును. అదే పిల్లవాడు పాదపు లోపలి ప్రక్కతో గట్టిగా నెట్టిన బంతి 10 మీటర్లను ఇంచుమించు ఒక్క సెకనులో దాటును. బంతికి ఆయాసము లేదు. ఎదుటివాడు ఎంత బలాఢ్యుడైనను బంతితో సమానముగ పరుగెత్తలేడు.

ఫలితములు చరిత్రకెక్కినవి. నగర పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా 5 సంవత్సరములు రోవర్స్ కప్పును గెలిచెను; 1950లోనే డ్యూరాండ్ కప్పును కూడ గెలిచెను. రహీం శిక్షణలో భారత జట్టు 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలో ఇరానును 1-0తో ఓడించి స్వర్ణము పొందెను. మరుసటి సంవత్సరమే హెల్సింకి ఒలింపిక్సులో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడెను. మనవారిలో పెక్కుమంది ఆనాడు పాదరక్షలు లేక ఆడిరి. ఆ ఓటమి తరువాత శిక్షకుడు తన పాఠమును విడువలేదు. 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో భారతదేశము ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి, 4వ స్థానము పొందెను. సికిందరాబాదున పెరిగిన తులసీదాస్ బలరాం ఆ జట్టులోనివాడు. 1962 సెప్టెంబరు 4న జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో గెలిచి రెండవ స్వర్ణమును తెచ్చినది. క్యాన్సరుతో బాధపడుచునే రహీం ఆ జట్టును నడిపెను. 1963 జూన్ 11న కన్నుమూసెను.

అయితే పాసు పరుగును పూర్తిగా తొలగించినదా? సిరిసిల్లలో సాంచాల చప్పుడు వినుచు పెరిగిన పిల్లలు దీనికి జవాబు చెప్పగలరు. మగ్గములో నాడె ఇటునుండి అటు, అటునుండి ఇటు పోవుచుండును. ప్రతి పోకయు గుడ్డ వెడల్పంతయే. అట్టి చిన్న పోకలతోనే గజములకొలది గుడ్డ పెరుగును. కాని నిలువు పోగులలో కొన్ని పైకి లేచి, కొన్ని క్రిందికి దిగి నడుమ త్రోవ ఈయనిదే నాడె ఒక్క అంగుళమైనను కదలజాలదు. చూచువారి కన్ను నాడె మీదనే యుండును. పని పోగులన్నియు చేయుచున్నవి. ఫుట్‌బాలులోను అంతే. బంతి లేని పదిమంది కదలి చోటు కల్పింపనిచో, బంతి గలవాడు పాసు ఎవరికి ఇచ్చును? పొట్టి పాసుల ఆటలో పరుగు తగ్గదు. ఒక్కని కాళ్లలోనుండి జట్టంతటికిని పంచబడును.

మరియొక మూల్యమును గలదు. స్క్రీన్ పాసు విసరువాడు ఎదుటివారు తనను తాకబోవు వరకు కదలక నిలువవలెను. తొందరపడి ముందే విసరినచో తెర ఏర్పడదు. ఎదుటివాడు బంతిని నడుమనే అందుకొనిపోవును. తరచు విసరిన పిమ్మట దెబ్బ తినునదియు అతడే. చప్పట్లు మాత్రము బంతి అందుకొన్నవానికి. మన ఆటస్థలములలో దీనికి విరుద్ధమైన పాసును తరచు చూతుము. ఎదుటివాడు మీదికి వచ్చుట చూచి, బెదరి, ఇరుకున నున్న తోటివానివైపు బంతిని తన్ని చేతులు దులుపుకొనుట. అది పాసు కాదు, బరువు దించుకొనుట. ఎప్పుడు ఇచ్చితివి, అందుకొన్నవాడు నీకంటె మంచి చోట ఉన్నాడా, ఇచ్చిన పిదప నీవెటు కదలితివి అని ప్రతి పాసునకును ఉపాధ్యాయుడు అడుగవలసిన ప్రశ్నలు మూడు.

పాసుతో తీరని సందర్భములును గలవు. అమెరికావారి ఆటలో ఒక్క గజము మాత్రమే మిగిలినపుడు పెక్కు జట్లు నేటికిని గోడను ఢీకొనియే పోవును. రహీం జట్లలోను గోలు ముంగిట నొక మెరుపు పరుగు వలసినచోట అది ఉండెను. కావున వ్యాయామమున పరుగును మాన్పుట తగదు. పరుగొక్కటే అర్హతయని భావించుట తగదు.

మన పాఠశాలల మైదానములలో సాధారణముగ ఒక బంతి, ముప్పది నలువది మంది పిల్లలు. ఎత్తుగా, వేగముగా నున్న ఇద్దరు ముగ్గురు బంతిని తమదిగ చేసికొందురు. బక్కపలుచనివాడు, ఆయాసపడువాడు, ఆడపిల్ల, క్రొత్తగా చేరినవాడు ప్రేక్షకులగుదురు. వారిలో ఎదుటి చోటును చూడగల కన్ను గలవారెందరో ఎవరికిని తెలియదు, వారికిని తెలియదు. డ్రిబ్లింగు లేని పోటీకి ఖర్చు లేదు. బంతిని రెండుమార్లకంటె ఎక్కువ తాకరాదను ఒక్క నియమము, దానిని పాటింపజేయు ఉపాధ్యాయుని ఈల చాలును. గోలులతోపాటు వరుస పాసులను లెక్కించి 5 పాసులకు ఒక గుణము ఇచ్చినచో, ఇన్నాళ్లు బంతి నందనివాడు జట్టునకు అవసరమగును.

1962 తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాలులో భారతదేశమునకు మరల స్వర్ణము రాలేదు. 1970లో కాంస్యము దక్కినది. అటుపై అదియును లేదు. కారణములు పెక్కు, అన్నిటిని ఒక్క వ్యక్తి మరణమునకు కట్టబెట్టుట న్యాయము కాదు. కాని రహీం సాహెబు తన విద్యను మొదట పరీక్షించినది పెద్ద క్రీడాంగణములలో కాదు, బడిపిల్లలున్న చోట. ఆయన అందించిన బంతి ఇంకను ఉపాధ్యాయుల పాదముల యొద్దనే యున్నది. జగిత్యాలలోనో, సిరిసిల్లలోనో, కోరుట్లలోనో ఒక సాయంకాలము ఆట ముగిసిన పిమ్మట, నేడు బంతి ఒక్కసారియైనను తాకనివారు ఎవరని ఉపాధ్యాయుడు అడిగి, చేతులెత్తినవారి పేర్లు వ్రాసికొని, మరునాడు వారినే మొదట జట్టులో నిలుపవలెను. ఆ విద్య ముందుకు సాగుటకు అంతకంటె పెద్ద ఏర్పాటు అవసరము లేదు.