మూరెడు వైరు, బారెడు అపోహలు

మిక్సీ గట్టుకు ఈ చివర ఉంటుంది, ప్లగ్గు ఫ్రిజ్ వెనక ఉంటుంది. కూలరు కిటికీ దగ్గర, స్విచ్ బోర్డు తలుపు పక్కన. విజయవాడ సత్యనారాయణపురంలో పాత డాబా అయినా, గుడివాడ, బందరు వైపు మండువా ఇల్లయినా, పోరంకి, కానూరుల్లో కొత్తగా లేచిన అపార్ట్‌మెంటయినా తంటా ఒక్కటే. ఎంత లాగినా వైరు జానెడు తక్కువ పడుతుంది. ఆ జానెడు కోసం రైస్ కుక్కర్‌ను స్టూలు మీదికెక్కిస్తారు, ఇస్త్రీ బల్లను నడవకు అడ్డంగా వేస్తారు, చివరికి విసుగెత్తి వీధి చివర ఎలక్ట్రికల్ షాపులో ఓ ఎక్స్‌టెన్షన్ బాక్సు కొనుక్కొస్తారు.

ఆ విసుగు న్యాయమైనదే. దాన్ని తీర్చుకునే క్రమంలో పుట్టిన నమ్మకాల్లో మాత్రం కొన్ని ప్రాణం మీదికి తెచ్చేవి ఉన్నాయి.

అపోహ: రాగి మిగుల్చుకోవడానికే కంపెనీలు వైరు పొట్టిగా ఇస్తాయి

ఇందులో కొంత నిజం లేకపోలేదు. రాగి ఖరీదైన లోహం. లక్షల్లో సరుకు తయారుచేసే చోట ఒక్కోదాని మీద అరమీటరు మిగిలినా అది పెద్ద మొత్తమే. అయితే కెటిల్, రైస్ కుక్కర్, నూనెలో వేయించే యంత్రాల్లాంటి వాటికి వైరు పొట్టిగా ఉండటం కావాలని చేసిన ఏర్పాటు. కెటిల్ వైరు గట్టు అంచు దాటి వేలాడితే అప్పుడప్పుడే నిలబడటం నేర్చిన పిల్లల చేతికి అందుతుంది. పట్టుకుని లాగారంటే సలసల కాగే నీళ్ళు ముఖం మీద పడతాయి. కాళ్ళకు తగులుకుని పడకుండా, చిక్కుకోకుండా ఉండేందుకే పొట్టి వైరు ఇచ్చామని ఇలాంటి వస్తువుల మాన్యువళ్ళలో రాసి ఉండే మాట అందుకే.

అమెరికాలో ఈ పద్ధతికి జోడీగా మరో నియమం కూడా ఉంది. అక్కడి విద్యుత్ కోడ్ ప్రకారం వంటగది గట్టు వెంట గోడ మీద ఏ బిందువు నుంచి చూసినా రెండడుగుల లోపు సాకెట్ ఉండాలి. అంటే సాకెట్‌కూ సాకెట్‌కూ మధ్య నాలుగడుగులకు మించి ఎడం ఉండకూడదు. హాలు, పడక గదుల్లో ఆరడుగుల లోపు సాకెట్ అందాలి. వైరు పొట్టిదైనా ఇబ్బంది లేకుండా గోడే చేయి అందిస్తుందన్నమాట.

మన దగ్గరికి పొట్టి వైరు వచ్చింది కానీ గోడ మీది సాకెట్లు రాలేదు. అసలు చిక్కంతా ఇదే. కృష్ణా డెల్టాలో ఇప్పటికీ చాలా వంటగదుల్లో ఉండేది ఒకే ఒక్క బోర్డు. దాని మీద ఓ చిన్న ప్లగ్గు, ఓ పవర్ ప్లగ్గు. వాటిలో ఒకటి ఫ్రిజ్‌కు శాశ్వతంగా పోతుంది. పాత ఇళ్ళలో గదికో బోర్డు, అదీ తలుపు పక్కన భుజమెత్తులో. అవి ఒక బల్బు, ఒక ఫ్యాను, మహా అయితే ఒక రేడియో ఉన్న రోజుల లెక్కలు. కొత్త ఇళ్ళ సంగతైనా గొప్పగా మారలేదు. పొయ్యి ఆగ్నేయంలోనే రావాలని పట్టుబట్టి ప్లాను మార్పించే ఇళ్ళలో కూడా గ్రైండర్ ఎక్కడ పెడతారని ఎవరూ అడగరు. గోడకు గాడి కొట్టే రోజున అక్కడ ఉండేది మేస్త్రీ, ఎలక్ట్రీషియను, ఇంటి యజమాని. రోజూ ఆ గట్టు దగ్గర నిలబడే మనిషి ఆ ముగ్గురిలో ఉండటం అరుదు. వైరు అందని బాధ మాత్రం జీవితాంతం ఆమెదే.

అలాగని కంపెనీలను పూర్తిగా వదిలేయాల్సిన పని లేదు. పెట్టె మీద వాట్లు, జార్ల సంఖ్య, వారంటీ ఏళ్ళు పెద్దక్షరాల్లో కనిపిస్తాయి. వైరు పొడవు చాలాచోట్ల వెతుక్కున్నా దొరకదు. అది కూడా అంతే స్పష్టంగా అచ్చు వేయాలని అడగడం కొనేవాళ్ళ హక్కు.

అపోహ: వైరు పొడుగైతే కరెంటు ఎక్కువ కాలుతుంది

మామూలు గృహోపకరణం విషయంలో ఈ భయం అక్కర్లేదు. 750 వాట్ల మిక్సీ తీసుకుందాం. 230 వోల్టుల దగ్గర అది లాగేది సుమారు 3.3 ఆంపియర్లు. మిక్సీలకు సాధారణంగా వచ్చే 0.75 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు ఇంకో మీటరున్నర అదనంగా ఉందనుకుంటే, ఆ అదనపు ముక్కలో పోయే శక్తి ఒక వాటు కూడా ఉండదు. రోజుకు అరగంట చొప్పున ఏడాదంతా రుబ్బినా యూనిట్‌లో ఆరో వంతు దాటదు. బిల్లులో అది కనిపించను కూడా కనిపించదు.

ఇక్కడ చూసుకోవాల్సింది వైరు మందం. సన్నని వైరు మీద పెద్ద లోడు పడినప్పుడు కథ వేరు.

అపోహ: బాక్సులో నాలుగు సాకెట్లుంటే నాలుగూ వాడొచ్చు

ఇంటింటా ఉన్న అపోహ ఇది. పండగల పూట మరీ ఎక్కువ. సంక్రాంతికి అల్లుళ్ళు, మనవళ్ళు దిగాక ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకు ఇండక్షన్ స్టవ్, కెటిల్, రెండు ఫోన్ చార్జర్లు తగిలిస్తారు. సాకెట్ ఖాళీగా కనిపిస్తే వాడుకోవచ్చనే అనిపిస్తుంది.

బాక్సు వెనక ఎన్ని ఆంపియర్లని రాసి ఉందో చూస్తే సంగతి తేలిపోతుంది. 6 ఆంపియర్లని ఉంటే దాన్ని 230తో హెచ్చవేయాలి. 1,380 వాట్లు. నాలుగు సాకెట్లకూ కలిపి అంతే. ఇండక్షన్ స్టవ్ ఒక్కటే గట్టిగా పెడితే 2,000 వాట్లు లాగుతుంది. బకెట్లో పెట్టే వాటర్ హీటర్ రాడ్డు 1,000 నుంచి 1,500. కెటిల్ 1,500. రైస్ కుక్కర్ 700. వీటిలో పెద్దవాటికి మూడు లావు పిన్నుల 16 ఆంపియర్ల ప్లగ్గు ఇచ్చేది అందుకే. ఆ లావు ప్లగ్గును కన్వర్టర్ పెట్టి చిన్న సాకెట్‌లో దూర్చడమంటే, ప్లగ్గు సైజు రూపంలో తయారీదారు చేసిన హెచ్చరికను పక్కకు నెట్టేయడమే.

2,000 వాట్ల స్టవ్‌ను పది మీటర్ల 0.75 వైరుతో నడిపితే ఏమవుతుందో లెక్క వేయొచ్చు. దాదాపు 8.7 ఆంపియర్లు పారతాయి. ఆ మందం వైరు భరించేది సుమారు 7 ఆంపియర్లే. వైరు పొడవునా దాదాపు 39 వాట్ల వేడి పుడుతుంది, అంటే పాత 40 వాట్ల బల్బంత. వైరు నేల మీద పరిచి ఉంటే ఆ వేడి గాలిలో కలిసిపోతుంది. చూడటానికి బాగుండదని చుట్ట చుట్టి సోఫా వెనక తోస్తే వేడికి పోయే దారి ఉండదు. పీవీసీ తొడుగు ఎడతెరిపి లేకుండా ఓర్చుకోగలిగింది 70 డిగ్రీల వరకే. మే నెలలో విజయవాడ గాలే 45 డిగ్రీలను తాకే రోజులుంటాయి. మిగిలిన తేడా పాతిక డిగ్రీలే కాబట్టి, చలి దేశంలో నెట్టుకొచ్చే వైరు రోహిణి కార్తెలో బెజవాడలో నెట్టుకురాకపోవచ్చు.

‘ఏమైనా అయితే మెయిన్ బోర్డులో ఎమ్‌సీబీ (లోడు మించితే కరెంటు ఆపే స్విచ్) పడిపోతుందిలే’ అనే ధీమా దీనికి తోడు. ఎమ్‌సీబీ కాపాడేది గోడలోపలి వైరింగ్‌ను. 16 ఆంపియర్ల ఎమ్‌సీబీ 16 దాటినా సుమారు 18 ఆంపియర్ల వరకు గంట సేపైనా కదలదు. దాని దృష్టిలో 9 ఆంపియర్లు తప్పే కాదు. బయట సన్నని వైరు మెత్తబడి, తొడుగు కరిగి, రెండు తీగలూ తాకాక గానీ అది పడదు.

అపోహ: అతికి టేపు చుడితే సరిపోతుంది, మూడో పిన్ను ఊరికే

తక్కువ ధరకు దొరికే కొన్ని ఎక్స్‌టెన్షన్ బాక్సుల మూత విప్పి చూస్తే లోపలికి వచ్చేవి రెండే తీగలు. ఒకటి ఫేజు, ఒకటి న్యూట్రల్. పైన లావుగా కనిపించే మూడో రంధ్రం వెనక ఇత్తడి గొట్టం ఉంటుంది కానీ దానికి ఏ తీగా కలిపి ఉండదు. బయటి నుంచి చూస్తే మూడు పిన్నుల ప్లగ్గు చక్కగా దిగుతుంది. ఎర్తింగ్ మాత్రం అక్కడితో ఆగిపోయింది. ఇంట్లో కలిపి పెట్టుకున్న వైర్లలోనూ ఇదే జరుగుతుంది. ఎరుపును ఎరుపుకు, నలుపును నలుపుకు కలిపి, ఎర్తుకు ఉండే ఆకుపచ్చ తీగను అవసరం లేదని కత్తిరించేస్తారు. ఉపకరణాల వైర్లలోనైతే గోధుమ రంగు ఫేజు, నీలం న్యూట్రల్, ఆకుపచ్చ మీద పసుపు చార ఉన్నది ఎర్తు.

ఆ మూడో పిన్ను మిగతా రెండిటి కంటే పొడవుగా, లావుగా ఉండటానికి కారణం ఉంది. ప్లగ్గు పెట్టేటప్పుడు అన్నిటికంటే ముందు అది తాకాలి, తీసేటప్పుడు అన్నిటికంటే చివర అది వదలాలి. ఫ్రిజ్, వెట్ గ్రైండర్, ఇస్త్రీపెట్టె, ఇనప బాడీ కూలరు – వీటిలో ఎక్కడో తీగ ఊడి బాడీకి తగిలితే ఆ కరెంటును భూమిలోకి పంపే దారి అదొక్కటే. కూలరు విషయంలో ప్రమాదం రెట్టింపు. వైరు అందక బాక్సును నేల మీద పెడతారు, పైనుంచి కూలర్లో బకెట్‌తో నీళ్ళు పోస్తారు, ఒలికిన నీళ్ళు నేరుగా బాక్సు కిందికి చేరతాయి. తడి కాళ్ళతో నిలబడి ఇనప తలుపు ముట్టుకునేది ఎక్కువగా పిల్లలే. 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే పడిపోయే ఆర్‌సీసీబీ మెయిన్ బోర్డులో ఉంటే ఇలాంటి చోట ప్రాణం నిలబెట్టేది అదే. ఎర్తింగ్‌కు అది తోడు మాత్రమే, దాని బదులు పనికిరాదు.

అతుకు సంగతీ ఇంతే. మెలిపెట్టి టేపు చుట్టిన చోట రాగి పోగులు గట్టిగా తాకవు. తాకీ తాకని చోట వేడి పుడుతుంది, వేడికి టేపు జిగురు వదులుతుంది. మచిలీపట్నం, నాగాయలంక వైపు ఉప్పు గాలికి బయటపడ్డ రాగి పచ్చగా చిలుము పట్టి ఇంకా త్వరగా పాడవుతుంది. వైరు తోలు తీసి, పోగుల్ని సాకెట్‌లో దూర్చి అగ్గిపుల్లలు బిగించే పద్ధతి గురించి చెప్పేదేముంది, అది ఆ క్షణమే మానుకోవాలి.

పొడవే ప్రమాదమైతే కైకలూరు, ముదినేపల్లి వైపు చేపల, రొయ్యల చెరువుల్లో నీటికి గాలి అందించే ఏరేటర్లు ఒక్క రోజు తిరగవు. గట్ల వెంట అక్కడ చాలా దూరం వైర్లు లాగుతారు. దూరానికీ లోడుకీ తగిన మందం, చెక్కుచెదరని తొడుగు ఉన్నంతకాలం అవి పనిచేస్తాయి. అక్కడ భయపడాల్సింది నీటి అంచున టేపు చుట్టి వదిలేసిన అతుకుకు.

అపోహ: రెండు పిన్నుల వస్తువు నాసిరకం

వస్తువు మీద చతురస్రంలో చతురస్రం గుర్తు ఉంటే దానికి రెండు పొరల ఇన్సులేషన్ ఉందని అర్థం. దానికి ఎర్తు అక్కర్లేదు. జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్ల మీద, చార్జర్ల మీద ఈ గుర్తు కనిపిస్తుంది.

అపోహ: పొట్టి వైరు పీకేసి ఏదో ఒక పొడుగు వైరు వేయించుకోవచ్చు

ఇస్త్రీపెట్టె వైరు మీద నూలు అల్లిక ఉండేది అందానికి కాదు. వేడి పళ్ళెం తగిలితే మామూలు పీవీసీ కరిగిపోతుంది కాబట్టి దానికి వేరే రకం తొడుగు వాడతారు. రిపేరు షాపులో మూడు మీటర్ల మామూలు వైరు వేయించుకుంటే పొడవు సమస్య తీరి, కాలిన వైరు సమస్య మొదలవుతుంది. మార్చాల్సి వస్తే కంపెనీ సర్వీసు వాళ్ళతోనో, పని తెలిసిన మనిషితోనో అదే రకం, అంతకు తగ్గని మందం వేయించుకోవాలి. మందం ఎంతో వైరు తొడుగు మీదే అచ్చయి ఉంటుంది, ఐఎస్ఐ గుర్తుతో పాటు.

అపోహ: తడిసిన బాక్సు ఎండబెడితే బాగైపోతుంది

2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు వరద విజయవాడ మీద పడినప్పుడు అజిత్ సింగ్ నగర్, పాయకాపురం, కండ్రిక, రాజరాజేశ్వరిపేటల్లో నీళ్ళు రోజుల తరబడి ఇళ్ళల్లోనే నిలిచాయి. ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషిన్లు, గ్రైండర్లు మునిగాయి. మునిగిన గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్ళకు ప్రభుత్వం 25,000 రూపాయల చొప్పున సాయం ప్రకటించింది. పోయిన సామాను ముందు అది ఏ మూలకూ చాలని ఇళ్ళే ఎక్కువ. అలాంటప్పుడు నూటయాభై రూపాయల ఎక్స్‌టెన్షన్ బాక్సునైనా కడిగి, డాబా మీద ఎండబెట్టి వాడుకుందామనిపించడం సహజం. నీరు ఆరిపోతుంది కానీ ఒండ్రు ఆరదు. ఇత్తడి రేకుల సందుల్లో బంకమన్ను, మురుగులోని లవణాలు మిగిలిపోయి, గాలిలో తేమ పెరిగినప్పుడల్లా కరెంటుకు దొంగదారి అవుతాయి. మునిగిన సాకెట్లు, బాక్సులు పారేయాల్సిందే. వైరింగ్‌ను ఇన్సులేషన్ కొలిచే మెగ్గరుతో పరీక్ష చేయించాకే మెయిన్ వేయాలి.

వరద వచ్చే కాలనీల్లో బోర్డులు పైకి జరపడం మంచి పనే. కానీ సాకెట్ ఎంత పైకి పోతే పొట్టి వైరు అంత దూరమవుతుంది, మళ్ళీ ఎక్స్‌టెన్షన్ బాక్సు నేల మీదికి దిగుతుంది. అందుకని ఎత్తు పెంచే చోట సాకెట్ల సంఖ్య కూడా పెంచాలి. వంటగట్టుకు జానెడు పైన కనీసం మూడు చోట్ల, కూలరు పెట్టే కిటికీ పక్కన ఒకటి, ఇస్త్రీ చేసుకునే గోడకు ఒకటి.

కొత్త ఇల్లు కట్టేవాళ్ళకు ఇది ఇంకా తేలిక. ప్లాస్టరింగ్‌కు ముందే వంటచేసే మనిషి సుద్దముక్క పట్టుకుని మిక్సీ ఎక్కడ, గ్రైండర్ ఎక్కడ, ఇండక్షన్ స్టవ్ ఎక్కడ అని గోడ మీద గుర్తులు పెట్టాలి. ఇండక్షన్, గీజరు, ఏసీ పాయింట్లకు మెయిన్ బోర్డు నుంచి వేటికవే విడి లైన్లు లాగించాలి, లైటింగ్‌కు వాడే ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల వైరుతో కాకుండా రెండున్నర లేదా నాలుగు చదరపు మిల్లీమీటర్ల వైరుతో. ఆ దశలో పట్టేది కొన్ని మీటర్ల వైరు, ఒక పూట పని. టైల్స్ పడ్డాక అదే పాయింటు మూరెడు జరపాలన్నా గోడ పగలగొట్టాల్సిందే.