శ్వాసరోగికి నిలువుగుంజ

ఆయుర్వేదం వ్యాధులను సాధ్యం, యాప్యం, అసాధ్యం అని విభజించింది. పూర్తిగా నశించకపోయినా పథ్యంతో, చికిత్సతో అదుపులో నిలిచేది యాప్యం. ఒరుగుతున్న ఇంటికి తగిన చోట నిలిపిన గుంజ వంటిది యాప్యరోగికి చికిత్స అని సుశ్రుతుని ఉపమానం. విద్యార్థులకు ఈ మాటను ఎన్నోమార్లు వివరించాను. దాని అర్థం మాత్రం డెబ్బది దాటిన పిదప, మెట్లెక్కలేక నిలిచిపోయిన నాడు తెలిసింది.

వైద్యులు దీనిని సీఓపీడీ అన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2021లో దీనివల్ల 35 లక్షల మంది మరణించారు. నేను పొగ త్రాగినవాణ్ణి కాను. కట్టెల పొయ్యి, హోమధూమాల నడుమ పెరిగినవాణ్ణి. (హోమాన్ని నిందించడం లేదు, గాలి ఆడని గదిలో చేసిన మా తెలివిని నిందిస్తున్నాను.) గోదావరిఖని, మందమర్రి గనులలో బొగ్గుధూళి, జగిత్యాల, నిర్మల్ ఇండ్లలో బీడీలు చుట్టే తల్లులకు పొగాకుధూళి. శ్వాసరోగానికి ధూళి, పొగ, శీతలం హేతువులని చరకుడు ఏనాడో పేర్కొన్నాడు. తమకశ్వాస గలవాడు పడుకొనలేక, కూర్చుంటేనే సుఖపడతాడనీ చెప్పాడు. ఆ రాత్రులు నాకు తెలుసు.

ఆసుపత్రి నుండి ఒక నర్సు వారం వారం ఫోను చేసేది. ఆమెను హెల్త్ కోచ్ అంటారట. మా మనుమరాలి ఈడు. ప్రాణాయామం నేర్పినవాడికి ఈ పిల్ల ఊపిరి నేర్పుతుందా అని నాకు చిన్నతనమనిపించిన మాట నిజం. ఆమె ఆజ్ఞలేమీ చేయలేదు. “పంతులుగారూ, మీకు మళ్ళీ ఏం చేయాలని ఉంది?” అని అడిగింది. కార్తికంలో ధర్మపురి గోదావరి మెట్లు దిగి, దీపం వదలి, నా కాళ్ళతో తిరిగి ఎక్కాలన్నాను. ఇక ప్రతి మాటా ఆ మెట్ల చుట్టూనే.

మొదట ఇన్‌హేలర్ వాడి చూపమంది. నేను ముందు నొక్కి తరువాత పీలుస్తున్నాను. మందు నోటిలోనే మిగిలిపోతున్నది! పైగా అలవాటవుతుందన్న భయంతో, ఆయాసం లేని రోజున మానేసేవాణ్ణి. వైద్యునితో మాట్లాడి స్పేసర్ అనే గొట్టం ఇప్పించింది. మెల్లగా పీల్చి, పది లెక్కించి వదలి, పిదప నోరు పుక్కిలించాలి.

మందు పీల్చే సమయంలో తప్ప ఊపిరి బిగబట్టవద్దన్నది. కుంభకాన్ని వదలుకోవడం నాకు కష్టమైంది. ఈ రోగంలో పాతగాలి లోపలే చిక్కుకుంటుంది, అది వెలువడితేనే కొత్తగాలికి చోటు. కనుక ముక్కుతో పీల్చి, దీపం ఆరకుండా జ్వాల కదిలేంత మెల్లగా, పెదవులు ముడిచి, పీల్చినదానికి రెట్టింపు సేపు వదలాలి. రేచకమే ప్రధానమన్నమాట! రోజూ కొంచెం నడక. పొగ త్రాగేవారికైతే దానిని మానడమే మొదటి మందు.

పూజగది తలుపుపై ఒక కాగితం అంటించాను. కఫం రంగు మారినా, ఆయాసం హెచ్చినా ఆనాడే వైద్యునికి చెప్పాలి. పెదవులు నీలమైనా, మాట రాకున్నా వెంటనే 108. మన ప్రాంతపు పుష్యమాసపు చలిలో ఆ కాగితం రెండుమార్లు పనికివచ్చింది.

మొన్నటి కార్తికంలో దీపం వదలి మెట్లెక్కాను. మూడుచోట్ల ఆగాను. ఫోను చేసి చెబితే ఆ పిల్ల, “ఆగినప్పుడు ముందుకు వంగి నిలుచున్నారా?” అని అడిగింది.